కాలేజీ అమలాపురంలో, డిగ్రీ వాల్తేరుది: మనం ఎక్కడి పూర్వ విద్యార్థులం?

కొబ్బరాకు97 | ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారమండీ. నాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. 1994 నుంచి 97 వరకు అమలాపురం ఎస్కేబీఆర్ కాలేజీలో బీఎస్సీ చదివాను. కాగితం మీద మాత్రం ఆంధ్రా యూనివర్సిటీ అని ఉంటుంది, అదేమో విశాఖపట్నం వాల్తేరులో.

సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి ఫోన్‌లో ఏదో చూస్తూ, "నాన్నా, ఈ 2026 ఏప్రిల్ 26కి మీ యూనివర్సిటీకి వందేళ్లు నిండుతున్నాయి. నువ్వు అలమ్నైవి కదా, పేరు నమోదు చేసుకో" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నేను విశాఖపట్నం వెళ్లిందే రెండుసార్లు. ఒకసారి మా చిన్నక్కని డాక్టరుకి చూపించడానికి, ఇంకోసారి సింహాచలం చందనోత్సవానికి. యూనివర్సిటీని బస్సు కిటికీలోంచి చూశాను. అంతే మా పరిచయం.

వాడు వదల్లేదు. "అసలు నువ్వు డిగ్రీ పాసయ్యావని రుజువేంటి?" అన్నాడు. బీరువా తీసి చూస్తే ప్రొవిజినల్ ఉంది, మెమోలున్నాయి, ఒరిజినల్ డిగ్రీ లేదు. ఎప్పుడూ తెచ్చుకోలేదు. అవసరం రాలేదు మరి, కొబ్బరికాయ డిగ్రీ అడగదు కదా. పైగా మొదటి రెండేళ్ల మెమోలకి ఇంత మేర పసుపు మరక. 96 నవంబరు తుపానుకి మా పెంకుటింటి కప్పు ఎగిరిపోయినప్పుడు తడిసినవి. మా అమ్మ వాటిని పొయ్యి దగ్గర ఆరబెట్టి దాచింది.

నా సందేహాలు ఇవీ. నాలాంటివాణ్ణి పూర్వ విద్యార్థి అంటారా? అంటే ఉపయోగమేంటి? ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత ఆ కాగితం వస్తుందా? ఇంకోటి, అందరం అక్కడికి వెళ్లలేం గనక ఇక్కడే ఏదైనా పెట్టుకోవచ్చా?

ఉండిచెరువు | ఆదివారం, రాత్రి 10.05

ఆయ్, మీరు నయమండీ, గేటైనా చూశారు. నాది భీమవరం డీఎన్నార్ కాలేజీ బీకాం, 99 బ్యాచ్. రొయ్య పిల్ల కోసం భీమిలి వైపు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు గానీ, యూనివర్సిటీ వైపు బండి తిప్పింది లేదు. పిల్ల చచ్చిపోతుందని టెన్షన్‌లో ఉంటాం, చదువు గుర్తొస్తుందా?

రుజువంటారా, మా ఆవిడకి పెళ్లికి ముందు చూపించిన బయోడేటాయే నాకు రుజువు.

గట్టుమీదమాస్టారు | ఆదివారం, రాత్రి 10.50

కొబ్బరాకు గారూ, మీ మొదటి ప్రశ్నకి జవాబు: అంటారు. డిగ్రీ ఇచ్చింది ఎవరో వాళ్ల పట్టభద్రులే మీరు. కాలేజీ పాఠం చెప్పింది, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చింది యూనివర్సిటీ. రెండు చోట్లా మీకు హక్కుంది. అయితే పూర్వ విద్యార్థుల సంఘం వేరే సంస్థ, దాని సభ్యత్వ నిబంధనలు దానికుంటాయి. దరఖాస్తులో ప్రాంగణ విభాగం పేరు మాత్రమే అడుగుతున్నారా, అనుబంధ కాలేజీ పేరు రాయడానికీ వీలుందా అన్నది చూసుకోండి.

నేను ముప్పై రెండేళ్లు డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మన డెల్టాకి డిగ్రీ చదువు యూనివర్సిటీ కన్నా ముందే వచ్చింది. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ 1853లో బడిగా మొదలైంది. కందుకూరి వీరేశలింగం గారు తెలుగు పండితులుగా పనిచేసింది అక్కడే. కాకినాడ పీఆర్ కాలేజీ 1884 నాటిది. అప్పట్లో వీళ్లందరికీ పట్టా మద్రాసు యూనివర్సిటీది. పీఆర్ కాలేజీకి 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు తర్వాత ఆ మద్రాసు యూనివర్సిటీకే వైస్ చాన్స్‌లర్ అయ్యారు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ చాన్స్‌లర్. ముఖ్యకేంద్రం ముందు బెజవాడ, 1930లో వాల్తేరుకి మారింది. 1931 నుంచి 36 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు నడిపారు. ఆయన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలోనూ పాఠం చెప్పారు, మనవాళ్లు ఈ మాట మర్చిపోరు. ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ గారు యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇస్తానని మాటిచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే ఎంతో ఊహించుకోండి. 1942 ఏప్రిల్లో విశాఖ మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాక యూనివర్సిటీని కొన్నాళ్లు గుంటూరుకి తరలించారు.

ఇంత చరిత్రలో మనం ఎక్కడున్నామంటే, పరీక్ష ఫీజు కట్టినవాళ్ల జాబితాలో. భీమవరం కాలేజీ 1945 నాటిది, నరసాపురం వైఎన్ కాలేజీ 1949 నాటిది. ఏటా ఇక్కడి నుంచి జవాబు పత్రాల కట్టలు సంచుల్లో వాల్తేరు వెళ్లేవి. నేనూ దిద్దడానికి వెళ్లాను. పొద్దున్నే సముద్రం గాలి, మధ్యాహ్నం దాకా ఎర్ర సిరా. ఆ కట్టల్లో మీ పేపరూ ఉండే ఉంటుంది, నాది సైన్సు కాదు గనక నేను మాత్రం దిద్దలేదు లెండి.

రావులపాలెంనెట్ | సోమవారం, ఉదయం 8.15

మాస్టారికి నమస్కారం. చరిత్ర అయ్యాక కాగితాల సంగతి నేను చెబుతాను. రావులపాలెంలో పద్దెనిమిదేళ్లుగా జిరాక్స్, నెట్ సెంటరు నాది. రోజుకి ఇద్దరైనా "ఓడీ కావాలండీ" అంటూ వస్తారు, ఒరిజినల్ డిగ్రీ అన్నమాట.

మొదట చూడాల్సింది మెమో మీద ఏ యూనివర్సిటీ పేరుందని. చాలామంది ఇక్కడే తికమక పడతారు. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ యూనివర్సిటీ వచ్చాక మన డిగ్రీ కాలేజీల అనుబంధం అటు మారింది. దాంతో "ఇప్పుడు మా కాలేజీ నన్నయ కింద ఉంది కదా, పాత డిగ్రీ కూడా రాజమండ్రిలోనే ఇస్తారు" అనుకుని బస్సెక్కేస్తారు. మెమో మీద ఆంధ్రా అని ఉంటే ఆంధ్రాకే దరఖాస్తు పెట్టాలి.

ఒరిజినల్ ఎప్పుడూ తీసుకోకపోతే అది పోగొట్టుకున్నట్టు కాదు. పోలీసు కాగితం, నోటరీ అఫిడవిట్ ఇవన్నీ డూప్లికేట్‌కి అడుగుతారు. మీరు మామూలుగానే ప్రొవిజినల్, మెమోలు, ఫోటో, గుర్తింపు కార్డు పెట్టి, ఆలస్యానికి అదనపు రుసుము ఉంటే కట్టాలి. ఎంతన్నది ఏటా మారుతుంది, దరఖాస్తు చేసే రోజు వెబ్‌సైట్‌లో ఉన్నదే లెక్క. ఎవరో వాట్సాప్‌లో పెట్టిన అంకె నమ్మి డీడీ తీయకండి.

పేరు జాగ్రత్త. టెన్త్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి. పోయినేడాది నేనే ఒకాయనకి ఇంటిపేరులో ఒక అక్షరం ఎక్కువ కొట్టేశాను. తప్పు నాదే. సవరణకి మళ్లీ రుసుము నా జేబులోంచి కట్టాను. అప్పట్నుంచి సబ్మిట్ నొక్కే ముందు మనిషి చేత పైకి చదివిస్తున్నాను, అక్షరం అక్షరం. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

డిజిలాకర్ అంటారు చాలామంది. కొత్త బ్యాచ్‌లకి బాగుంటుంది. 97 వాళ్లు దాని మీద ఆశ పెట్టుకోకుండా కాగితం దారే పట్టుకోండి.

కాకినాడఇంజినీరు | సోమవారం, ఉదయం 9.30

ఈ గొడవ డిగ్రీ వాళ్లకే అనుకోకండి. మా ఇంజినీరింగ్ వాళ్లది ఇంకా చిత్రం. కాకినాడ కాలేజీ 1946లో విశాఖలో మొదలై తర్వాత కాకినాడ వచ్చింది. 1972లో జేఎన్టీయూ కిందికి వెళ్లింది. 2008లో దాన్ని విడగొట్టినప్పుడు జేఎన్టీయూ కాకినాడ పేరుతో యూనివర్సిటీ అయింది. అంటే మా నాన్నగారి తరం వాళ్లకి ఒక పేరు, నాకు ఒక పేరు, మా తమ్ముడికి ఇంకో పేరు. ముగ్గురం ఒకే క్యాంటీన్‌లో టీ తాగినవాళ్లమే.

ఇక ఒక ప్రైవేటు కాలేజీలో 2004లో బీటెక్ చేసిన మా బావగారి పట్టా మీద హైదరాబాద్ జేఎన్టీయూ అని ఉంటుంది. చదివింది తాడేపల్లిగూడెం దగ్గర. ఆయన ఏ మీటింగ్‌కి వెళ్లాలో ఇప్పటికీ తేలలేదు. ఎక్కడ భోజనం బాగుంటే అక్కడికి వెళతానంటాడు.

ఉపయోగం ఏంటని అడిగారు కదా. నా అనుభవంలో కార్డు వల్ల ఒరిగేది తక్కువ. లైబ్రరీలో కూర్చోనివ్వడం, గెస్ట్‌హౌస్‌లో గది ఖాళీ ఉంటే ఇవ్వడం, ఇలాంటివి ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. అసలు ఉపయోగం ఫోన్ నంబరు. మా బ్యాచ్ గ్రూపులో ఒకడు రైల్వే, ఒకడు ట్రాన్స్‌కో, ఒకమ్మాయి పోర్టులో. పిల్లలకి ప్రాజెక్టు కావాలన్నా, ఎవరికైనా ఒంట్లో బాగోలేక హైదరాబాద్‌లో మంచం దొరకాలన్నా, ఆ గ్రూపే.

డాలస్రాజోలు | సోమవారం, రాత్రి 8.20

నాది రాజోలు. వైఎన్ కాలేజీలో బీఎస్సీ, తర్వాత ఎంసీఏ. ఇరవై రెండేళ్లుగా అమెరికాలో ఉంటున్నాను.

ట్రాన్స్‌క్రిప్టుల గురించి ఒక మాట కలుపుతాను, విదేశం వెళ్లే పిల్లలు చదువుతారని. ఇక్కడ మన చదువుని లెక్కగట్టే సంస్థలు చాలావరకు మార్కుల వివరాలు యూనివర్సిటీ నుంచి నేరుగా రావాలంటాయి. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం సరిపోదు. మీ చేతికి ఇచ్చిన కవరు మీరు విప్పితే చెల్లదు. మా మేనల్లుడు ఆత్రం కొద్దీ విప్పేసి, మళ్లీ రెండు నెలలు ఆగాడు.

ఇక అసలు సంగతి. వందేళ్ల సందర్భంగా మన డెల్టా కాలేజీల పూర్వ విద్యార్థులం కలిసి ఏదైనా శాశ్వతంగా కట్టిద్దాం. ఒక ముఖద్వారం, దాని మీద బ్యాచ్‌ల పేర్లు. ఇక్కడ మా పరిచయస్తుల్లోనే పదిహేను మంది ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. వచ్చే సంక్రాంతికి అందరం వస్తాం, అప్పుడు ప్రారంభోత్సవం పెట్టుకోవచ్చు.

ఉండిచెరువు | సోమవారం, రాత్రి 9.00

అన్నయ్యా, కనుమ నాడు పెట్టకు. సగం మంది కోడిపందేల బరుల దగ్గరుంటారు, మిగతా సగం వాళ్లని వెతుకుతుంటారు.

ముఖద్వారం గురించి ఒక కథ చెబుతాను. కాలేజీ పేరు రాయను, మాది కాదు, మా తోడల్లుడిది. పదేళ్ల కిందట వాళ్ల బ్యాచ్ వెండి పండగ చేసుకున్నారు. మనిషికి మూడు వేలు వేసుకుని పెద్ద స్టీలు వాటర్ కూలర్ కొన్నారు. రిబ్బను, శాలువాలు, ఫోటోలు, అన్నీ అయ్యాయి. నన్ను కూడా లాక్కెళ్లాడు, పీతల కూర ఉందంటే వెళ్లాను.

రెండేళ్లకి మా అమ్మాయి పరీక్ష సెంటరు అక్కడే పడింది. దింపడానికి వెళ్లి మంచినీళ్ల కోసం చూస్తే వరండా మూలన అదే కూలర్. ప్రారంభోత్సవం నాటి బంతిపూల దండ ఎండిపోయి దారంతో సహా దానికే వేలాడుతోంది. పైన చీపుళ్లు, పక్కన ఫినాయిల్ డబ్బా. అటెండరుని అడిగితే, "ఫిల్టరు మార్చాలండీ, ఏడాదికోసారి. ఆ డబ్బు ఎవరివ్వాలో తెలీదు" అన్నాడు. దాతల పేర్ల పలక మాత్రం తళతళలాడుతోంది. మా తోడల్లుడి పేరు ఏడోది.

కట్టించడం తేలిక అన్నయ్యా. తర్వాత ఏటా దాని ముఖం చూసేవాడు కావాలి.

నన్నయబ్యాచ్ | సోమవారం, రాత్రి 9.35

నేను 2019లో నన్నయ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చేశానండీ, ప్రస్తుతం గెస్ట్ లెక్చరర్‌గా ఉన్నాను. పెద్దవాళ్ల మధ్య మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి.

కాలేజీలు ఇప్పుడు పూర్వ విద్యార్థుల వెంట పడటానికి కారణం ఒకటుంది. కాలేజీలకి గుర్తింపు ఇచ్చే న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు పూర్వ విద్యార్థుల పాత్ర మీద ప్రత్యేకంగా అడుగుతారు. సంఘం రిజిస్టరైందా, ఏం ఇచ్చింది, మీటింగులు జరిగాయా, అన్నిటికీ కాగితాలు చూపాలి. అందుకే బృందం వచ్చే ముందు ఫోన్లు మోగుతాయి. వచ్చి వెళ్లాక మోగవు. మా పిల్లలు దీనికి "న్యాక్ ప్రేమ" అని పేరు పెట్టారు.

మా పిల్లలకి గేటు ఉంది, తోరణం అక్కర్లేదు. నా క్లాసులో నలభై మందిలో సగం మంది ఆడపిల్లలు, లంక ఊళ్ల నుంచి వచ్చేవాళ్లున్నారు. వరదొస్తే పడవ దాటి రావాలి. ఫైనలియర్ పిల్లని "మీ గురించి చెప్పండి" అంటే తల వంచుకుంటుంది. సబ్జెక్టు అడిగితే మాత్రం గడగడా చెబుతుంది. మీలో ఎవరైనా నెలకోసారి గంటసేపు వీడియోలో వచ్చి ఇంటర్వ్యూలా ప్రశ్నలడిగితే చాలు. రూపాయి ఖర్చు లేదు.

డాలస్రాజోలు | మంగళవారం, ఉదయం 6.10

తమ్ముడూ, ఆ గంట నేనిస్తాను, మాటిచ్చినట్టే. కానీ ఇక్కడ మమ్మల్ని పేరు కోసం పాకులాడేవాళ్లలా చూడటం బాగోలేదు. మా నాన్నగారు ఆ కాలేజీలో గుమాస్తా. ఆయన సైకిలు ఆనించిన గోడ ఇప్పుడు లేదు, పడగొట్టారు. ఏదో ఒకటి అక్కడ నిలబడి ఉండాలని నాకుంటే తప్పా?

ఉండిచెరువు | మంగళవారం, ఉదయం 6.40

తప్పు కాదన్నయ్యా. ఎగతాళిగా అనలేదు, నా నోరే అంత. గుమాస్తా గారబ్బాయి అని ముందే చెబితే కూలర్ కథ ఎత్తేవాణ్ణి కాదు.

గట్టుమీదమాస్టారు | మంగళవారం, ఉదయం 7.30

డాలస్ బాబూ, మీ బాధ అర్థమైంది. మా రోజుల్లో కాలేజీ గుమాస్తాలంటే మాటలా, హాల్‌టికెట్టు రానివాడికి దేవుళ్లు.

డబ్బు విషయంలో రెండు మూడు సంగతులు మాత్రం ముందే తెలుసుకోండి, తర్వాత చిక్కులు రాకుండా. సంఘం సొసైటీగా రిజిస్టరై, దాని పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు ఉండాలి. ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకీ పంపకండి. అతను ఎంత మంచివాడైనా సరే, రేపు లెక్క అడిగితే స్నేహం పోతుంది.

మీరు ఇంకా భారత పౌరులైతే, అక్కడ ఉంటున్నా మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే దాన్ని విదేశీ విరాళంగా లెక్కించరు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా అది విదేశీ విరాళమే. తీసుకునే సంఘానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, సొమ్ము ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. చిన్న ఊరి సంఘాలకి ఇది తెలియక ఇబ్బందుల్లో పడతాయి. ఇక్కడివాళ్లకి విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే సంఘానికి ఆ గుర్తింపు ఉండాలి, రెండు వేలు దాటిన నగదుకి వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలు లేదు.

ఇంకో మాట. కట్టడం మీద పేర్లు చెక్కేకన్నా మీ నాన్నగారి పేరు మీద ఏటా కొందరు పిల్లలకి పరీక్ష ఫీజు కడితే? ఫీజు రసీదు రాసింది ఆయన చెయ్యే కదా.

డాలస్రాజోలు | మంగళవారం, ఉదయం 8.05

మాస్టారూ, ఇది నాకు తట్టలేదు. రాత్రికి మిగతావాళ్లతో మాట్లాడి చెబుతాను. నాది ఇంకా ఇండియా పాస్‌పోర్టే, పదిహేను మందిలో ఆరుగురివి మారిపోయాయి. వాళ్ల సంగతి విడిగా చూడాలి.

లేసునరసాపురం | మంగళవారం, మధ్యాహ్నం 2.50

రెండ్రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. నేను మొగల్తూరు దగ్గర ఉంటాను, లేసు అల్లికల పని. ఇంటర్ అవగానే పెళ్లయిపోయింది. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ కట్టాను. ఆదివారాలు క్లాసులు. పొద్దున వంట చేసి, పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి, బస్సులో నోట్సు చదువుకుంటూ వెళ్లేదాన్ని. చేతిలో కుట్టు సూది, ఒళ్లో పుస్తకం. మూడేళ్లనుకున్నది అయిదేళ్లకి పూర్తయింది.

మా క్లాసులో ఒక కండక్టరుగారు, ఒక అంగన్‌వాడీ టీచరు, రిటైరైన ఒక సిపాయి ఉండేవారు. ఎవరి నంబరూ నా దగ్గర లేదు. మాకు హాస్టలు లేదు, క్యాంటీను లేదు, ఫేర్‌వెల్ అసలే లేదు. మీ మాటలు వింటుంటే అడగాలనిపించింది. మీరు ఇక్కడ ఏదైనా పెట్టుకుంటే మాలాంటివాళ్లు రావచ్చా?

కొబ్బరాకు97 | మంగళవారం, మధ్యాహ్నం 3.15

అమ్మా, నేను కాలేజీకి రోజూ వెళ్లి కూడా సగం క్లాసులు ఎగ్గొట్టినవాణ్ణి. మీరు రాకపోతే ఇంకెవరొస్తారు? తప్పకుండా రండి.

రావులపాలెంనెట్ | మంగళవారం, సాయంత్రం 5.20

మేడమ్ గారూ, సార్వత్రికదీ డిగ్రీయే. ఒకటి చెప్పడం మర్చిపోయాను, ఇది ఇక్కడ అందరికీ వర్తించే ప్రయోజనం. శాసనమండలికి మన తూర్పు, పశ్చిమ గోదావరి పట్టభద్రుల నియోజకవర్గం ఉంది కదా. పోయిన ఎన్నిక 2025 ఫిబ్రవరిలో జరిగింది. దానికి ఓటు దానంతటదే రాదు. మామూలు ఓటరు కార్డున్నా సరే, ఫారం 18 విడిగా నింపాలి, డిగ్రీ పాసై మూడేళ్లు నిండాలి. పాత జాబితాలో పేరుందని ధీమాగా కూర్చోకూడదు, ప్రతి ఎన్నికకీ కొత్తగా నమోదు చేస్తారు. పోయినసారి ఆఖరి రోజు మా షాపు ముందు రాత్రి పదింటి దాకా జనం. సగం మందికి మెమో ఎక్కడుందో తెలీదు. ఒకాయన అత్తారింట్లో ట్రంకుపెట్టెలో ఉందని ముక్తేశ్వరం రేవు దాకా వెళ్లి, గోదావరి దాటే పంటు దొరక్క వెనక్కొచ్చాడు.

నన్నయబ్యాచ్ | మంగళవారం, రాత్రి 8.45

ఈసారి ఏప్రిల్ 26 ఆదివారమే పడింది. వైజాగ్ వెళ్లగలిగినవాళ్లు వెళతారు. మిగతావాళ్లం ఆ రోజు పొద్దున అమలాపురంలో కలిస్తే?

ఉండిచెరువు | మంగళవారం, రాత్రి 9.10

ఏప్రిల్ ఎండలో అమలాపురమా? సరే, ఏడింటికి మొదలెట్టి పదింటికి తేల్చేద్దాం. ఉపన్యాసాలుంటే నేను రాను. నాతో పాటు ఉండి ఊరి నుంచి నలుగురు, కారులో ఇంకో సీటు ఖాళీ. నరసాపురం మేడమ్ గారికి పాలకొల్లు దాటాక దారిలో ఎక్కడైనా ఆగుతాం, మా ఆవిడ కూడా వస్తుంది, మొహమాటం వద్దు.

కాకినాడఇంజినీరు | మంగళవారం, రాత్రి 9.30

యానాం వంతెన మీదుగా మేమిద్దరం వస్తాం. కాజాలు నా వంతు. శాలువాలు వద్దు, దయచేసి. మా ఇంట్లో పదకొండు శాలువాలున్నాయి, కాకినాడలో కప్పుకునే చలి ఒక్క రోజూ రాలేదు.

కొబ్బరాకు97 | మంగళవారం, రాత్రి 10.00

కొబ్బరి బోండాలు ఎన్ని కావాలన్నా నా బాధ్యత. చోటు కోసం రేపు కాలేజీకి వెళ్లి అడుగుతాను, కుదరకపోతే మా స్నేహితుడి కొబ్బరితోట ఉంది, నీడకి ఢోకా లేదు. వచ్చేవాళ్లు మెమోల జిరాక్సులు తెచ్చుకుంటే రావులపాలెం తమ్ముడు అక్కడే దరఖాస్తులు నింపుతానన్నాడు.

డాలస్రాజోలు | బుధవారం, ఉదయం 6.00

మాట్లాడాను. తొమ్మిది మంది పరీక్ష ఫీజుకి సరే అన్నారు, అయిదేళ్లు కడతాం. ఒకాయన మాత్రం ఇంకా ముఖద్వారమే అంటున్నాడు. ఆయన్ని ఉండి తమ్ముడికి అప్పజెబుతున్నాను, కూలర్ కథ చెప్పు.

రావులపాలెంనెట్ | గురువారం, మధ్యాహ్నం 12.40

కొబ్బరాకు గారూ, మీరు నిన్న ఇచ్చివెళ్లిన మెమోలు స్కాన్ చేశాను. నంబర్లన్నీ స్పష్టంగా ఉన్నాయి, కెమిస్ట్రీలో 36 కూడా. తుపాను మరక మాత్రం పేజీ సగానికి అలాగే వచ్చింది. కంప్యూటర్‌లో కొంచెం శుభ్రం చేసి పెట్టమంటారా?

కొబ్బరాకు97 | గురువారం, మధ్యాహ్నం 12.55

వద్దు బాబూ, అలాగే పంపెయ్. మరక తీశావంటే దొంగ సర్టిఫికెట్ అంటారు. ఆ 36 చెరపగలిగితే మాత్రం చెప్పు, మా అబ్బాయి ఇంకా చూడలేదు.